ఏమీ అమ్మని రాత్రి

రెండు దాటింది. ఓడరేవు మీద పొగమంచు.
కొండెక్కే రైలు ఎప్పుడో ఆగిపోయింది.
మందుల షాపు కిటికీకి ఇనుప చువ్వలు,
చువ్వలకి ఇవతల నేను, ఎదువీహిస్‌ని,
ముప్ఫై ఒక్క ఏళ్ళ రాత్రి డ్యూటీ.

అతను దిగుతున్నప్పుడే చూశాను.
వల్పరాయిసో మెట్లు ఎవరినైనా వంకరగానే నడిపిస్తాయి గానీ
ఇతను మాత్రం
కాళ్ళ మధ్య ఎవరో కోడిగుడ్లు దాచమని ఇచ్చినట్టు
నడుస్తున్నాడు.

నలభై దాటిన మనిషి. గోళ్ళనిండా పడవల రంగు.
"నొప్పికి ఏదైనా."
ఎక్కడ?
"నడుం."
నడుంలో ఎక్కడ?
"కాస్త కింద."
ఇంకాస్త కిందా అంటే
వీధికుక్క వైపు చూశాడు,
అది సాక్ష్యం చెప్పేస్తుందేమోనని.

పేరు ఎలియోదోరో అట. భార్య పోయి ఆరేళ్ళు.
ఈ రాత్రి మిరేయా ఇంట్లో, మిరేయా సోఫాలో,
పదింటి నుంచి ఒంటిగంట దాకా ముద్దులు.
వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.
తర్వాత ఆమె అంది, ఈ రోజుకి చాలు.
అతనూ అన్నాడు, సరే.
ఒళ్ళు మాత్రం సరే అనలేదు.

వృషణాలు బరువెక్కి, పొత్తికడుపు దాకా లాగుతూ
నిలబడితే సలుపు, కూర్చుంటే సలుపు.
పెద్ద జబ్బా అని అడిగాడు.
పైనున్న ఆవిడ కోప్పడిందా అని అడగలేదు గానీ
ఆ ప్రశ్న అతని టోపీలో ఉంది,
టోపీని పిండుతూనే ఉన్నాడు.

ఏం కాదు నాయనా అన్నాను.
పిలిస్తే వచ్చిన రక్తం అది.
పెళ్ళి వాయిదా పడిందని ఎవరూ చెప్పక
విడిదింట్లోనే కూర్చున్న చుట్టాలు.
మూటలు సర్దుకోవడానికి గంటో, రెండు గంటలో పడుతుంది.
తరమక్కర్లేదు.
తరమాలనే ఉంటే
దిగొచ్చిన మెట్లు మళ్ళీ ఎక్కు.
గోరువెచ్చని నీళ్ళలో కూర్చో.
వెల్లకిలా పడుకుని వార్నిష్ ధరలు తల్చుకో.
లేదా తలుపు వేసుకో, నీ చెయ్యి నీకుంది.
అది పాపం కాదు,
వైద్యం అని అంత పెద్ద పేరూ అక్కర్లేదు.

అతని చెవులు ఎర్రబడ్డాయి.
రక్తం బయల్దేరిందన్నమాట.

కానీ ఉన్నట్టుండి కత్తి దింపినట్టు వస్తే,
ఒక పక్క వాచినా, వాంతి వచ్చినా
నా దగ్గరికి కాదు, ఆస్పత్రికి, టాక్సీలో, ఆ క్షణానే.

ఇక అసలు మాట.
ఈ నొప్పి నీది. బిల్లు ఆమెకి పంపకు.
చాలు అన్నందుకు ఎవరూ ఎవరికీ బాకీ పడరు.
"పంపను," అన్నాడు.
"అందుకేగా ఇక్కడికొచ్చాను."
నమ్మాను.

వెళ్తాడనుకుంటే, గొంతు తగ్గించి,
"ఆమెకి కూడా ఉంటుందా?"

ఇన్నేళ్ళలో ఈ కిటికీ దగ్గర
ఎవరూ అడగని ప్రశ్న.

ఉంటుంది అన్నాను.
నాకు ఇరవై ఆరు. వాన, ఒక నావికుడు, ఆఖరి బస్సు.
బస్సు వెళ్ళిపోయాక బెంచీమీద
మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చున్నాను,
పొంగు మీదే మంట ఆర్పేసిన పాలగిన్నెలా.
నడుం లాగేస్తుంటే నెలసరి తేదీ లెక్కేసుకున్నాను.
అది కాదు.
మందుల చదువు చదివినదాన్ని, దానికి పేరు తెలీదు.
మగవాళ్ళ నొప్పికి ఈ రేవు బార్లలో నాలుగు మారుపేర్లున్నాయి,
నాదానికి ఒక్క జోకైనా లేదు.

"మరేం చేశారు?"
నడిచాను. రెండు కొండలు. ఇంటికెళ్ళి వేడినీళ్ళు.
మిగతాది నీకెందుకు?

నవ్వాడు. నవ్వితే నొప్పి. మళ్ళీ నవ్వాడు.

ఏమీ అమ్మలేదుగా అన్నా వినక
పుదీనా బిళ్ళలు రెండు ప్యాకెట్లు కొని
ఒకటి చువ్వల్లోంచి నాకే తోశాడు.

ఎక్కుతూ ఎక్కుతూ
దీపస్తంభం దగ్గర ఆగి ఫోన్ తీశాడు.
ఏం రాశాడో, ఏం అడిగాడో.
నడకలో గుడ్లు కాస్త తగ్గాయి.
కుక్క అతని వెనకే వెళ్ళింది.

రిజిస్టర్లో రాశాను:
రెండు నలభై. పుదీనా, రెండు.
"దేనికి" అన్న గడి
ఖాళీగా వదిలేసి
ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాను.