జనరేటరు మనిషి సాక్ష్యం

ఆ రాత్రుల్లో నేను పాట వినలేదండి.
నా పని డీజిలు చూసుకోవడం.
గోడకి ఇవతల, కప్పల వైపు,
మేత బస్తా పరుచుకుని కూర్చుంటే
నాకు గోడ మాత్రమే వినపడేది.
జ్వరమొచ్చిన పిల్లాడి గుండెలాగ కొట్టుకునేది గోడ.

నేలపూడి జెకర్యా. సఖినేటిపల్లి.
పద్నాలుగేళ్లకే ఉజ్జీవ సభల్లో మైకు వైర్లు చుట్టేవాడు
మోచేతికీ బొటనవేలికీ మధ్య, ఒక్క మెలిక పడకుండా.
బోధకుడు ఆమెన్ అన్నాక
ఏటి అవతలి గట్టుకి తగిలి
ఆమెన్ ఆలస్యంగా తిరిగొచ్చేది.
జనమంతా మొదటి ఆమెన్ విన్నారు.
వీడు రెండోది.

వాళ్ల చినమావ ఓడలో వంటవాడు.
ఏదో దీవి రేవులో రెండు సబ్బులిచ్చి
పేరు చెరిగిపోయిన క్యాసెట్టొకటి తెచ్చాడు.
అందులో గిటారు
అడుగు పడే చోట పడదు.
కాలు ఇంకా గాల్లో ఉండగా
చటుక్కున గిల్లి పోతుంది.
"టేపు పాడైందిరా" అన్నాడు సౌండు షాపు ఓనరు.
"కాదండి, చేలో నడుస్తున్నాడు.
బురదలోంచి కాలు పీక్కునే నడక అది."

పెళ్లిళ్లకి బాక్సులు మోశాడు.
మలికిపురంలో ఓ ఊరేగింపులో
అందరూ మాసు బీటు అడుగుతుంటే
నాలుగు నిమిషాలు తన సరుకు వదిలాడు.
పెళ్లికొడుకు బాబాయి వైరు పీకాడు,
చెంప కూడా వాయించాడు.
డప్పు ఏసోబొక్కడే దగ్గరికొచ్చి
"మొదటి దెబ్బ ఎవడు మింగేశాడ్రా?" అనడిగాడు.
ఆ ఒక్క ప్రశ్న మీద వీడు పదేళ్లు బతికాడు.

తర్వాత రొయ్యల చెరువు కాపలా.
రాత్రంతా ఏరేటర్లు నీళ్లని కొట్టేవి:
నాలుగు దెబ్బలు, నాలుగూ సమానం,
తప్పు లేదు, దయా లేదు.
హౌస్ అంటే ఇదే బాబాయ్ అనేవాడు.
దాని కింద పంటు ఇంజను పడేశాడు,
నరసాపురం రేవులో ఫోనుతో పట్టుకున్నది.
పైన ఆ బురద గిటారు.
మధ్యలో వాళ్లమ్మ,
కొబ్బరి పీచు దంచుతూ వదిలిన ఊపిరి.
లాప్‌టాప్ తెరలో మూడో వంతు నలుపు.
ఆ నలుపులో ఏముందో చూడకుండానే నొక్కేవాడు.

అంతర్వేది దారిలో మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ.
టికెట్టు ముప్ఫై రూపాయలు, లేదా అర లీటరు డీజిలు.
మేత బస్తాల కుర్రాళ్లు, నర్సింగు చదివే ఇద్దరు,
వలలు ఆరేసి వచ్చినవాళ్లు,
లేసు అల్లే మార్తమ్మ (ఆవిడకి టికెట్టు లేదు),
ఒక రాత్రి కరెంటాఫీసు ఏఈ కూడా.
గోడల్లో అమ్మోనియా ఇంకా చావలేదు.
కళ్లు మండి ఏడ్చేవాళ్లు,
దేనికేడుస్తున్నావని ఎవరూ అడిగే పని లేదు.

పదకొండు రాత్రులు.
పన్నెండో రాత్రి ఎస్సై వచ్చాడు.
బాక్సులు స్టేషను వరండాలో వానకి ఉబ్బాయి.
పెద్ద బాసు బాక్సులో కుక్క ఈనింది.

ఆ మరుసటేడు పోస్టులో చదరపు అట్ట.
ఏ దేశం బిళ్లో నాకు తెలియలేదు.
లోపల నల్లటి రికార్డు.
మూడొందలు అచ్చేశారట,
పేరులో ఒక అక్షరం మింగేసి.
దాన్ని తిప్పే యంత్రం మాకు తెలిసిన ఏ ఇంట్లోనూ లేదు.
పెన్సిలు మీద నిలబెట్టి వేలితో తిప్పాడు.
క్యాలెండరు కాగితం పొట్లం చుట్టి
కొసకి వాళ్లక్క కుట్టుమిషను సూది గుచ్చి
"చెవి పెట్టు బాబాయ్" అన్నాడు.

దోమంత చప్పుడు.
ఏరేటరు. పంటు. వాళ్లమ్మ.
అన్నిటి కిందా, సన్నగా, ఆగకుండా
ఇంకొకటేదో.
"ఇదేంట్రా?"
"నీ జనరేటరే. ఏడో రాత్రి రికార్డింగులో గోడ దాటి వచ్చేసింది.
తీసి చూశా.
పాట నిలబడలేదు."

నేనేం మాట్లాడలేదండి.
వేలు ఆగింది, రికార్డు కాస్త ఒరిగింది,
బయట ఎవరో రొయ్యలకి మేత జల్లుతున్నారు.
ఆ ఏడో రాత్రి డీజిలు డబ్బులు
నూట నలభై, ఇంకా బాకీ.
అడగను.