ఉప్పు తలుపు

మా ఊళ్లో కొందరు మగవాళ్లు పడుకునేముందు
గోళ్లకు ఎర్రరంగు వేసుకుంటారు.
మొగుడు చచ్చిన దెయ్యమొకతె
రాత్రిపూట మగతోడు వెతుక్కుంటూ వస్తుందట.
ఎర్రగోళ్లు చూసి ఆడదనుకుని
పక్కింటికి పోతుందట.

మా నాన్న వేసుకోలేదు.
ఈసాన్ ఎండలో రోజంతా ఉప్పు కాచి,
జిగురన్నం బుట్టెడు తిని,
వెదురుమంచం మీద వాలినవాడు
తెల్లవారుజామున గొంతులో గురకలాంటిదేదో తీశాడు.
అంతే.

తమ్ముడు ఖమ్‌పున్ వేసుకున్నాడు, పది వేళ్లకీ.
ఇరవై తొమ్మిదో ఏట వాడూ అలాగే.
"దానికి రంగులు కనబడవేమో" అన్నది మా అమ్మ.

ఇప్పుడు నా కొడుకు థనిత్. పంతొమ్మిదేళ్లు.
జ్వరంలో ఓ రాత్రి కళ్లు తేలేస్తే
ట్రక్కులో ఖోన్‌కెన్ ఆసుపత్రికి మోసుకొచ్చాం.
ఛాతీ మీద తీగలు అతికించారు.
కాగితం మీద గీత పైకి లేచింది,
దిగాల్సిన చోట దిగకుండా
చేప మొప్పలా వాలింది.

"మీరేం పని చేస్తారు?" అడిగింది డాక్టరమ్మ.
"ఉప్పు కాస్తాం."
"అయితే మీకు చెప్పడం తేలిక" అంది.

గుండె కణానికి తలుపులుంటాయి, కంటికానని తలుపులు.
ప్రతి దెబ్బకీ ముందు అవి తెరుచుకోవాలి,
ఉప్పులోని సోడియం లోపలికి దూకాలి,
ఆ వెంటనే మూసుకోవాలి.
ఇదంతా రెప్పపాటులో నూరోవంతు.
ఆ తలుపు ఎలా చెయ్యాలో రాసిన రాతలో
మీ వంశంలో ఎప్పుడో ఒక అక్షరం తప్పింది,
సగం తలుపులు సరిగా తెరుచుకోవు.
పగలు గుండె ఎలాగో నెట్టుకొస్తుంది.
రాత్రి నెమ్మదించినప్పుడు
ఒక మూల ఆరిపోతుంది, ఇంకో మూల ఇంకా మండుతుంటుంది,
మంట తిరిగి తిరిగి వెనక్కే వస్తుంది.
అప్పుడిక కొట్టుకోవడం ఉండదు.
వణుకు.

ముప్పై ఏళ్లుగా ఉప్పుమట్టి గోకుతున్నదాన్ని.
పగిలిన చేతుల్లోకి ఉప్పు దిగితే ఎంత మంటో
నన్నడగండి.
దిగని ఉప్పు సంగతి
ఎవరూ చెప్పలేదు.

తర్వాత నా రక్తమూ తీశారు.
అదే అక్షరం, అదే చోట.
ఆడవాళ్లలో చాలాసార్లు ఊరకే పడి ఉంటుందట.
నాన్న నుంచి నాకు, నా నుంచి వీడికి.
నాకు మాత్రం ఏనాడూ ఒక్క కునుకు చెడలేదు.

ఇన్నేళ్లూ గడప బయట కాపు కాశాం,
గుమ్మానికి గడ్డిబొమ్మలు కట్టాం.
ఆవిడేమో లోపలే ఉంది,
పాలిచ్చింది, జోకొట్టింది,
జిగురన్నం ఇంకాస్త తినమని కొసరింది.

"బొమ్మా బొరుసూ లాంటిది, మీ తప్పేం లేదు"
అంది డాక్టరమ్మ.
లేదని నాకూ తెలుసు.
తెలిస్తే ఏం?

రేపు వాడి ఛాతీలో చిన్న పెట్టె పెడతారు,
వణుకు మొదలైతే తన్ని లేపుతుందట.
"గేదె తన్నినట్టుంటుంది" అన్నాడు
పక్కమంచం ముసలాయన, కాస్త గర్వంగానే.

రాత్రి థనిత్ నవ్వుతూ చెయ్యి చాపాడు,
"వెయ్యమ్మా, ఎందుకైనా మంచిది."
వేశాను. రెండేసి పూతలు.

పొద్దున్నే నర్సు కసిరింది,
వేలికి పెట్టే క్లిప్పు రంగు మీద పనిచెయ్యదట.
చూపుడువేలొక్కటి చాలంది.
దూది తడిపి అదొక్కటే తుడిచాను.
మిగతా తొమ్మిదీ
అలాగే ఉంచాను.