గోడ వాసన

రాత్రి డ్యూటీ దిగి, యూనిఫాం మీదే స్వెట్టర్ తగిలించుకుని
శనివారం పొద్దున్నే సలమాంకా సంతకెళ్ళాను.
హోబార్ట్‌లో డిసెంబరంటే పేరుకి ఎండాకాలం.
కొండ నెత్తిన మాత్రం చిటికెడు మంచు, ఉప్పు చల్లినట్టు.
బెల్లప్పాకం రంగు రాతి గోదాముల ముందు
తెల్ల గుడారాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి.

ఒకాయన తేనెచుక్క చేతిలో వేసి ఏ చెట్టుదో చెప్పమంటాడు.
ఒకావిడ ఊదారంగు వెల్లుల్లిని జడలల్లి వేలాడదీసింది,
నిన్నటి నుంచీ ఊడిపోతున్న నా జడకన్నా నయం.
బ్యాగ్‌పైపు ఊదే కుర్రాడి బుగ్గలు
నూనెలో పూరీల్లా పొంగి దిగుతున్నాయి.
రేవులో పడవ మీదే చేపలమ్ముతున్నాడు లాక్లన్.
మొప్పలెత్తి చూడబోయాను.
"తెల్లారి నాలుగింటిదాకా ఇది ఈదుతూనే ఉంది" అన్నాడు.
నేనూ అంతే అన్నాను,
పన్నెండో నంబరు గదికీ ఇరవయ్యో గదికీ మధ్య.

నేనొచ్చింది చేపలకి కాదు.
పన్నెండో గదిలో ఎనిడ్ గారికి తొంభై ఒకటి.
రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు.
"రేవు పక్కన జామ్ ఫ్యాక్టరీ. ఆరు ఎండాకాలాలు
నా చేతులు నావి కావు, రాస్ప్‌బెర్రీలవి.
వెళ్ళి ఆ గోడ వాసన చూసిరా, పిల్లా.
పాకం రాతిలోకి దిగిందంటే ఇక పోదు."

ఇప్పుడది హోటలు. గాజు తలుపులు, ఇత్తడి పిడులు.
అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని
ముక్కు గోడకి ఆనించాను.
ఉన్నాడు. నల్లకోటు తొడుక్కున్న ద్వారపాలకుడు.
"రూము కావాలా మేడమ్?"
వద్దు, వాసన చూస్తున్నానంతే అన్నాను.
పాపం, అతను పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఉప్పు. తడి రాయి. ఎవరిదో కాఫీ. ఏదో కుక్క.
మూలకెళ్ళి కొంచెం వంగి, కిందా చూశాను.
పాకం లేదు.

అబద్ధాలు చెప్పడం నాకు చేతకాక కాదు.
ఈ ఉద్యోగంలో రోజుకి పది చెప్తాం,
మీ చెల్లెలు ఫోన్ చేశారనీ, సూపులో ఉప్పు సరిపోయిందనీ.
కానీ లేని వాసనని
ఏ మాటల్లో చుట్టి తీసుకెళ్ళను?

మళ్ళీ సంతలోకి నడిచాను.
రాస్ప్‌బెర్రీలు డబ్బా ఎనిమిది డాలర్లు.
రెండు తీసుకుంటే ఎంతకిస్తావంటే
ఆ అమ్మాయి నోరు తెరిచి, తర్వాత నవ్వి,
అడుగున చితికిపోయిన డబ్బా ఒకటి పైన పెట్టింది.
కొసరు అన్న మాట ఆమెకి తెలీదు. పని తెలుసు.

ఆ కొసరు డబ్బా బస్సులోనే అయిపోయింది,
వంతెన దాటేలోపే. పక్క సీటాయనకి రెండు పెట్టాను.

రాత్రి డ్యూటీకి వెళ్ళేసరికి, సబ్బుతో ఎంత తోమినా
గోళ్ళ సందుల్లో ఇంకా ఎరుపే.
గోడ సంగతి ఎలా మొదలుపెట్టాలా అనుకుంటూ
డబ్బాలు ఎనిడ్ గారి ముందు పెట్టాను.
ఆవిడ పళ్ళు చూడలేదు.
నా చెయ్యి అందుకుని, వెనక్కి తిప్పి,
ఒక్కో వేలూ ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"నీది ఏ షిఫ్టు?"

రాత్రిదండీ అన్నాను. అది నిజమే.

"అయితే ఆ బానల దగ్గర నిలబడకు,
ఆవిరికి జుట్టంతా జిగటైపోతుంది" అంటూ
నా జడ పట్టుకుని
స్వెట్టర్ లోపలికి దోపేశారు.