కొసరు

పూర్ణా మార్కెట్లో వంజరం తూచేక
ముల్లు ఎటు ఊగినా
రెండు కవళ్ళు పడేస్తాను కొసరు.
అడగని సంచిలోనూ వేస్తాను.

మా గుంటకి గ్రూపులో నలభై నాలుగు పాయింటు ఆరు.
నలభై ఐదుండాలట.
ఎంసెట్ ర్యాంకుంది.
మధురవాడ కాలేజీలో సీటూ ఉంది,
ఖాళీ కుర్చీ మీద ఫ్యాను తిరుగుతోంది.

డాబాగార్డెన్స్ మేడ మీద వకీలు బాబు చదివేడు:
"గరికిన హేమసుధ, పిటిషనరు."
హాజరు పట్టీలో తప్ప
దాని పేరు అంత గట్టిగా ఎవరూ పలకనేదు.

నాలుగు వాయిదాలు.
బెజవాడ దాకా జనరల్ పెట్టెలో నిలబడే వెళ్ళేం.
అవతలి ప్లీడరు లేచి "ప్రమాణాలు" అన్నాడు.
మంచి మాటే.
కుళ్ళిన చేప నేనూ అమ్మను.
కానీ ఇంజను చెడి వాళ్ళయ్య పడవ
మూడ్రోజులు ఒడ్డుకి రానేదు.
మధ్యరోజు ఫిజిక్సు.
హార్బరు గట్టు మీంచే పరీక్షకెళ్ళింది,
చెప్పుల్లో ఇసకతో.
ఆ ఇసక ఏ తక్కెట్లో తూస్తారు బాబూ?

తీర్పు రిజర్వు చేసేరు.
అంటే ఏటని అడిగితే
"ఆగాలి" అన్నాడు వకీలు.

ఇవాళ ముల్లు సరిగ్గా మధ్యన నిలిచింది.
ఇన్నేళ్ళలో మొదటిసారి
కొసరు దగ్గర నా చెయ్యి ఆగింది.
పక్కన కూచున్న గుంటే
తీసి వేసింది,
ఒకటి.