పెన్సిల్ అంకె

బాలరాట్‌లో ఇంకా బంగారం అమ్ముతారు,
ఇప్పుడది సిరంజిలో.

సెంట్రిఫ్యూజ్ మూత తీస్తే
అడుగున ఎరుపు, పైన పల్చటి పసుపు,
నడుమ మీగడ తరకంత తెల్లటి గీత.
సంగతంతా ఆ తరక దగ్గరే.
మా డాక్టరు మాత్రం పై పసుపునే
వెలుతురుకి ఎత్తి, "రంగు చూశారా!" అంటాడు.

రంగుదేముంది.
నేనొక చుక్క దొంగిలించి లెక్కపెడతాను.
ఈ పొద్దున మర్డో ప్రింగిల్‌ది.
నలభై ఏళ్లు గొర్రెల కొట్టంలో
ఉన్ని కత్తిరించి అరిగిన కుడి భుజం.
మామూలు నెత్తుట్లో ఎన్ని ప్లేట్‌లెట్లో
ఇందులోనూ ఇంచుమించు అన్నే.
తొమ్మిది వందల డాలర్లకి
తన నెత్తురే తనకి,
ఎరుపు తీసేసి.

ఫారంలో ఆ అంకెకి గడి లేదు.
కాగితం అంచున పెన్సిల్‌తో రాశాను,
చెరపడానికి వీలుగా.
అవును, అందుకే పెన్సిల్.

సూది ఇంకా పడలేదు.
చొక్కా విప్పిన ముసలాయన
"సరుకు మంచిదేనా అమ్మాయ్?" అన్నాడు.
ఉన్ని పోగుని రెండు వేళ్ల మధ్య నలిపి
కళ్లు మూసుకుని నాణ్యం చెప్పేవాడట.
నా మౌనాన్నీ అలాగే నలిపి చూస్తున్నాడు.

డాక్టరు చేతులు కడుక్కుంటున్న చప్పుడు.
కాగితాన్ని
అంచు ఆయనకి కనబడేలా
తిప్పి పెట్టాను.