ఖసబ్‌ల ఐసు డబ్బా

నార్వే లెక్కనే ఉందని
టోపీ పెట్టుకున్న ముసలామె అంటది.
ప్రతి శుక్రవారం ఎవరో ఒకరంటరు.
నేను అవునని చాయ్ పోస్త.

పడవ సున్నపురాతి గోడల నడుమ పోతది.
గోడలల్ల పొరలు పొరలు,
దొంతి పేర్చిన గొంగళ్ల లెక్క,
ఒక్కో దగ్గర ఎవరో గుంజినట్టు వంగి.

వాళ్ల దేశంల కొండల్ని మంచు చెక్కిందట.
కిలోమీటరు మందం మంచు
వేల ఏండ్లు జరుక్కుంట, లోయను గీక్కుంట.
ఇక్కడ మంచంటే నా డబ్బాల ఉన్నదే,
పెప్సీల కింద. పదకొండయితే అదీ నీళ్లే.

మరి ఈ లోయలు ఎట్లొచ్చినయని అడిగింది.
నాకేం తెల్సు.
సరంగు ఖమీస్ చెప్పిండు, చుక్కాని వదలకుండ:
సముద్రం పైకొచ్చుడొక్కటే కాదు,
కొండ కూడ కిందికి పోతున్నది, ఇరాన్ దిక్కు ఒరుగుకుంట,
ఏడాదికి ఒక బియ్యపుగింజంత.
పాత వాగుల దారులు
గీ నీళ్ల కిందనే ఉన్నయి, చీకట్ల.

బియ్యపుగింజంత.

నేను కరీంనగర్ దిక్కు గ్రానైట్ కోతల చేసినోణ్ని.
వైరు పెట్టి కోస్తుంటే
గుట్ట రోజుకింత పొట్టిగయ్యేది.
నాలుగేండ్లకు గుంత మిగిలింది, దాంట్ల పచ్చటి నీళ్లు.
దాని ముంగట నిలబడి ఎవ్వరూ ఫొటో దిగలె.

ముసలామె ఫోనిచ్చి తియ్యమంది.
రెండు తీసిన. ఒకదాంట్ల నా వేలు పడ్డది.

డబ్బాల చెయ్యి పెడితే
ఒక్క ముక్క దొరికింది, అంచులరిగి, నడుమ బొక్కతోటి.
ఆమె చేతిల పెట్టి
నార్వే, అన్న.

ఆమె గుప్పిట మూసింది.
మోచెయ్యి దాక కారింది.