డి ఏడు

జంగయ్య తుంటి బొక్కలకెళ్లి తీసిన మజ్జ
చెంచాడు కూడ లేదు.
మర్రిగూడ నుంచి పొద్దుగాల బస్సుకొచ్చి
వంగిన నడుం వంగినట్టే బల్ల మీద బోర్ల పండి
"నా బొక్కల్ల ఏం జూస్తవ్ బిడ్డా,
మా బోరింగు నీళ్లే ఉంటయ్" అని నవ్విండు.
నవ్వు రాసే గడి ఫారంల లేదు.

గిర్రున తిప్పితే ఎర్రవన్నీ అడుగుకు పోయినయ్.
నడుమ తెల్లటి పొర,
పాల మీగడంత మందం కూడ కాదు.
అండ్లనే లక్షలు.
నాకు కావల్సింది ఒక్కటి.

హైదరాబాదుల లేజరు మిషనుందట.
ఒక్కో కణాన్ని ఒక్కో బొట్టుల కూచోబెట్టి
వెలుగు ముందర నిలబెట్టి, గుర్తులు చూసి,
బొట్టుకు కరెంటు తాకించి
కుడికో ఎడమకో మళ్లిస్తదట.
గంటకింత అని కిరాయి.
నల్లగొండల మాకున్నవి
తొంభై ఆరు గుంటల ప్లేటు, పిపెట్టు, నా బొటనవేలు.

అందుకే పల్చన జేస్తం.
చుట్టాలొచ్చిన్నాడు చారుల నీళ్లు పోసినట్టు
ఇంకింత, ఇంకింత,
రెండు గుంటలకు ఒక్కటి పడేదాక.
ఆ తర్వాత ఏది ఏ గుంటల పడ్తదో
నా చేతిల లేదు.

రాత్రి పదకొండుకు మైక్రోస్కోపు ముందర:
ఖాళీ. ఖాళీ.
దుమ్ము, కణమని మోసపోయిన.
ఖాళీ.
రెండు, ఒకదాన్నొకటి అంటుకొని.
పనికిరావని పెన్సిలుతోని కొట్టేస్తుంటే
ఎందుకో చెయ్యి ఆగింది. కొట్టేసిన.
ఖాళీ.
డి ఏడు: ఒక్కటే.
గుండ్రంగ, అంచుకు దగ్గర,
దేవరకొండ బస్టాండుల దిగి
ఎటు పోవాల్నో తెలవనట్టు.

పోయినసారి ఇట్ల ఒంటిగున్నయన్నీ
మూడు దినాల్ల సచ్చిపోయినయ్.
తిండికి తక్కువ లేదు. వెచ్చదనం ముప్పై ఏడు డిగ్రీలు.
కరెంటు పోయినా ఇన్వర్టరు కాసింది.
అప్పుడు చెప్పింది నస్రీన్ అక్క,
చేతి తొడుగులు విప్పుకుంట, పెద్ద ముచ్చట కానట్టు:
"గుంపుల కణాలు రెండ్రోజులు బతికిన నీళ్లు తియ్యి.
వడగట్టి, సగం అవి పొయ్యి.
అండ్ల ఎవ్వరుండరు,
ఉన్న జాడ ఉంటది."

సగం తాజా, సగం ఎంగిలి.
పోసిన. తలుపేసిన.

ఆరో దినం డి ఏడుల నాలుగు,
జొన్నాకుల తీరు సన్నగ సాగి.

ఫోన్ జేసిన.
"ఒక్కటి బతికింది తాతా, నాలుగైంది."
శానసేపు ఏమనలే.
ఎనక బిందెల చప్పుడు, ఎవరో ఎవరినో తిడ్తున్నరు,
ఎవరో నవ్వుతున్నరు.
"ఒక్కటే," అన్నడు, "ఒక్కటే ఎట్ల బతికె బిడ్డా?"